అరవై దాటాక బీపీ కోసం బరువు తగ్గడం: ఎలా మొదలుపెట్టాలి, ఎలా సరిచూసుకోవాలి

“బీపీ ఉంది, బరువు తగ్గమన్నారు. ఎంత తగ్గాలి? ఈ వయసులో ఎలా తగ్గాలి? తగ్గితే మాత్ర మానేయొచ్చా?” 60 దాటినవాళ్ల నుంచీ, వాళ్ల పిల్లల నుంచీ ఈ మూడు ప్రశ్నలూ వస్తూనే ఉంటాయి. ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పడం కంటే మొదటి నుంచి చివరిదాకా ఒకచోట రాయడం నయమనిపించింది.

మొదట ఒక మాట. నలభై ఏళ్ల మనిషికి చెప్పే సలహాను డెబ్బై ఏళ్ల మనిషికి యథాతథంగా అప్పజెప్పకూడదు. నలభైలో పది కిలోలు తగ్గితే చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకుంటారు. డెబ్బైలో తగ్గిన బరువులో కండ కూడా కరిగిపోతే మెట్లెక్కడం కష్టమవుతుంది. మంచం మీద నుంచి లేస్తూ కళ్లు తిరిగి పడితే తుంటి ఎముకకే ముప్పు. అందుకని ఇక్కడ మూడు కొలతలు కలిపి చూస్తాం: నడుము తగ్గాలి, కాళ్లలో బలం తగ్గకూడదు, కూర్చుంటే తగ్గిన బీపీ నిలబడితే మరీ పడిపోకూడదు. బరువు అంకె వీటి తర్వాతే.

బరువుకీ బీపీకీ లింకు ఎక్కడ?

క్లుప్తంగా చెప్తాను. ఒళ్లు పెరిగేకొద్దీ అందులో తిరిగే రక్తమూ పెరుగుతుంది, గుండె ఎక్కువ తోడాలి. పొట్ట లోపల పేరుకునే కొవ్వు కిడ్నీలను నొక్కుతుంది. ఆ కొవ్వు నుంచి వచ్చే హార్మోన్లు కిడ్నీల చేత ఉప్పును దాచిపెట్టిస్తాయి, నరాలను రెచ్చగొట్టి రక్తనాళాలను బిగిస్తాయి. ఉప్పు ఆగిన చోట నీరూ ఆగుతుంది. దీనికి తోడు వయసు వల్ల నాళాలు ఎటూ గట్టిపడి ఉంటాయి. అందుకే పెద్దవయసులో చాలామందికి పై నంబరు ఒక్కటే ఎక్కువగా ఉండి, కింది నంబరు మామూలుగా ఉంటుంది.

బరువు తగ్గితే ఈ మొదటి భాగం సర్దుకుంటుంది. గట్టిపడ్డ నాళాలు మాత్రం పూర్తిగా పాతికేళ్ల నాటి స్థితికి రావు. లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: కిలో తగ్గితే పై నంబరు సగటున 1 మిల్లీమీటరు తగ్గుతుంది. “ఒక్కటేనా!” అని పెదవి విరవకండి. ఐదు కిలోలకు ఐదు అంటే, మామూలు మోతాదులో ఒక బీపీ మాత్ర చేసే పనిలో దాదాపు సగం.

ఈ పని పెద్దవయసులో సాధ్యమేనా అని అనుమానం ఉన్నవాళ్లకు: 1998లో అమెరికాలో ‘టోన్’ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. అందులో ఉన్నవాళ్లంతా 60 నుంచి 80 ఏళ్లవాళ్లు, మొత్తం 975 మంది. బరువు ఎక్కువున్నవాళ్లలో కొందరి చేత బరువు తగ్గించారు, కొందరి చేత ఉప్పు తగ్గించారు, కొందరి చేత రెండూ చేయించారు. తగ్గిన బరువు సగటున నాలుగు కిలోల చుట్టుపక్కలే. మూడు నెలల తర్వాత డాక్టర్ల కనుసన్నల్లో మందు ఆపి చూస్తే, మందు లేకుండా ఎక్కువమంది నిలదొక్కుకున్నది రెండూ చేసిన గుంపులో. అక్కడా అందరికీ నిలవలేదు. కాబట్టి ఆశ పెట్టుకోండి, పందెం కాయకండి.

ఏమేం కావాలి

- పైచేతికి పట్టీ కట్టే ఆటోమేటిక్ బీపీ మెషీన్. మణికట్టుకు పెట్టుకునేవి చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా తప్పు చూపిస్తాయి.
- బరువు తూచే మెషీన్
- సాగని కొలత టేపు
- చేతులు లేని గట్టి కుర్చీ, సెకన్లు చూపే గడియారం
- ఒక నోటుబుక్కు
- మీరు వాడే మందులన్నీ రాసిన చీటీ. నొప్పికీ జలుబుకీ అప్పుడప్పుడూ వేసుకునేవి కూడా రాయాలి.

దశ 1: చీటీ పట్టుకుని డాక్టరును కలవండి

ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. తిండి తగ్గించగానే కొన్ని మందుల పని మారిపోతుంది. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతున్నవాళ్లకు తిండి తగ్గితే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రోటీన్ లెక్క వేరు, పొటాషియం లెక్క వేరు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు బరువు పెరగడం అంటే కొవ్వు కాక నీరు కావచ్చు.

చీటీలో ఇంకొకటి తేలుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ముక్కుదిబ్బడకు వాడే కొన్ని జలుబు మందులు, స్టెరాయిడ్లు బీపీని పెంచుతాయి. నీళ్లలో వేస్తే పొంగే మాత్రల్లో సోడియం బాగా ఉంటుంది. మోకాళ్ల నొప్పికి రోజూ ఒక మాత్ర మింగుతూ, బీపీ కోసం తిండి మానుకునేవాళ్లున్నారు. ముందు ఆ మాత్రకు బదులు ఏముందో అడగండి.

బరువు తగ్గడం అసలు మొదలుపెట్టకూడనివాళ్లు: ప్రయత్నించకుండానే గత 6–12 నెలల్లో బరువులో 5 శాతం, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గినవాళ్లు. ఇది సంతోషించాల్సిన విషయం కాదు, కారణం వెతకాల్సిన విషయం. బక్కగా ఉండి బీపీ ఉన్నవాళ్లకూ ఈ వ్యాసంలో ఉప్పు, నడక, కొలతల భాగాలే పనికొస్తాయి.

దశ 2: చేతికి సరిపడే పట్టీ ఉందో లేదో చూడండి

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే, అందుకే కాస్త సాగదీస్తున్నాను.

భుజానికీ మోచేతికీ మధ్యలో చేతి చుట్టుకొలత టేపుతో కొలవండి. మెషీన్‌తో వచ్చిన పట్టీ మీద అది ఎన్ని సెంటీమీటర్ల చేతికి సరిపోతుందో అచ్చువేసి ఉంటుంది. మామూలు సైజు పట్టీ దాదాపు 27–34 సెం.మీ. చేతికే. లావుగా ఉన్నవాళ్లలో చాలామంది చెయ్యి 35 దాటుతుంది. వాళ్లకు పెద్ద పట్టీ విడిగా తెప్పించుకోవాలి.

ఎందుకంత పట్టింపు అంటే, 2023లో అమెరికాలో దీన్నే పరీక్షించి చూశారు. పట్టీ ఒక సైజు చిన్నదైతే పై నంబరు సగటున దాదాపు 5 ఎక్కువ చూపింది. రెండు సైజులు చిన్నదైతే దాదాపు 20 ఎక్కువ. పై లెక్కతో పోల్చుకోండి: ఐదు కిలోలు కష్టపడి తగ్గించి సంపాదించేది ఐదు. ఆ ఐదూ తప్పు పట్టీ తినేస్తుంది! లేని బీపీకి మందు పెంచుకునే ప్రమాదం కూడా ఉంది. పట్టీ మరీ పెద్దదైతే ఇది తిరగబడి, ఉన్న బీపీని తక్కువగా చూపిస్తుంది.

కుదరకపోతే: పెద్ద పట్టీ దొరికేదాకా క్లినిక్‌లో సరైన పట్టీతో కొలిపించుకుని ఆ అంకెనే నమ్మండి.

దశ 3: ఏడు రోజుల బీపీ రాయండి

ఒక్కసారి కొలిచిన బీపీతో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. వారం రోజులు, పొద్దునా సాయంత్రం ఇలా చేయండి.

1. కొలిచే ముందు అరగంట కాఫీ, టీ, పొగ, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లి రండి. పొద్దున పూట మాత్ర వేసుకోకముందే కొలవాలి.
2. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేల మీద ఆనేలా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. కాలు మీద కాలు వేయకండి.
3. పట్టీని చర్మం మీదే కట్టండి, చొక్కా చెయ్యి మీద కాదు. చొక్కా చేతిని పైకి బిగించి మడిచినా తప్పే.
4. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది.
5. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకండి. పక్కవాళ్లు “ఎంత వచ్చింది?” అని అడిగితే తర్వాత చెప్పండి.
6. ఒక నిమిషం ఆగి రెండోసారి కొలవండి. రెండూ రాయండి.

మొదటి రోజు అంకెలు పక్కనపెట్టి మిగతా ఆరు రోజులవి సగటు తీయండి. ఇదే మీ అసలు బీపీ. ఇంట్లో కొలిచిన సగటు 135/85 అంటే క్లినిక్‌లో 140/90తో సమానంగా లెక్కిస్తారు. మీకు ఎంత ఉండాలన్నది డాక్టరు చెప్పాలి. బలంగా తిరిగే 65 ఏళ్ల మనిషికీ, చేతికర్రతో నడిచే 88 ఏళ్ల మనిషికీ ఒకే గీత గీయరు.

మొట్టమొదటి రోజు రెండు చేతులకీ కొలిచి చూడండి. ఎక్కువ వచ్చిన చేతినే ఎప్పుడూ వాడండి. మళ్లీ మళ్లీ కొలిచినా తేడా 15 దాటుతుంటే డాక్టరుకు చెప్పండి.

గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉంటే మెషీన్ ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది. అలాంటివాళ్లు మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి.

జాగ్రత్త: నచ్చిన అంకె వచ్చేదాకా ఐదారుసార్లు కొలిచి, చివరిది మాత్రం రాయడం చాలామందికి అలవాటు. డాక్టరుకు చూపించడానికి అందమైన నోటుబుక్కు తయారవుతుంది, అంతే.

దశ 4: నిలబడి కూడా కొలవండి

ఈ పరీక్ష సంగతి చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు. పెద్దవాళ్లకు ఇది తప్పనిసరి. పక్కన ఒక మనిషిని ఉంచుకోండి. 5 నిమిషాలు కూర్చుని లేదా పడుకుని కొలవండి. పట్టీ విప్పకుండానే లేచి నిలబడి 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు ఒకసారి కొలవండి. చెయ్యిని గుండె ఎత్తులో దేనిమీదైనా ఆనించాలి.

పై నంబరు 20 గానీ, కింది నంబరు 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే ఇంకేమీ మొదలుపెట్టకుండా డాక్టరుతో మాట్లాడండి. మీకు కూర్చుంటే 150, నిలబడితే 120 వస్తున్నదనుకోండి. అప్పుడు బీపీ ఇంకా తగ్గించడం అంటే పడిపోవడానికి దారి వేయడమే. ముందు మందులను సర్దాల్సి రావచ్చు.

దశ 5: బరువు, నడుము, ఎత్తు

బరువు: వారానికి రెండు మూడుసార్లు, పొద్దున మూత్రానికి వెళ్లివచ్చాక, ఏమీ తినకముందు, తేలికపాటి బట్టలతో. మెషీన్ గట్టి నేల మీద ఉండాలి, తివాచీ మీద కాదు. రోజుకో కిలో అటూ ఇటూ ఊగడం మామూలే, అది నీరూ తిండీ బరువు. వారం సగటునే లెక్కలోకి తీసుకోండి.

నడుము: ప్యాంటు బెల్టు పెట్టుకునే చోటు కాదు. పక్కటెముకల చివర ఎక్కడుందో, తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో వేలితో తడిమి, ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. మామూలుగా ఊపిరి వదిలి, పొట్ట బిగించకుండా చూడండి. అద్దంలో టేపు వెనకవైపు జారలేదని సరిచూసుకోండి.

ఎత్తు: ఇప్పుడు కొలిచినదే కావాలి, పాత కాగితాల్లోది కాదు. వయసుతో వెన్నెముక కుంగి ఎత్తు తగ్గుతుంది. 65 కిలోల మనిషి 165 సెం.మీ. ఎత్తున్నప్పుడు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 23.9 ఉంటే, 160కి కుంగాక బరువు గ్రాము పెరగకపోయినా 25.4 చూపిస్తుంది. పైగా కండ కరిగి కొవ్వు చేరినా బీఎంఐ కదలదు. పెద్దవయసులో బీఎంఐ మీద అంత నమ్మకం పెట్టుకోవద్దనేది ఇందుకే.

దానికంటే తేలికైన లెక్క ఒకటుంది. నడుమును ఎత్తుతో భాగించండి. 0.5 లోపు ఉంటే మంచిది. 0.5 నుంచి 0.6 దాకా ఉంటే పొట్ట కొవ్వు తగ్గించాలి. 0.6 దాటితే గట్టిగా పట్టించుకోవాలి. 160 సెం.మీ. మనిషికి 80 సెం.మీ. నడుము అంటే సరిగ్గా గీత మీద ఉన్నట్టు. మీది 0.5 లోపే ఉంటే మీ బీపీకి కారణం బరువు కాకపోవచ్చు. అనవసరంగా కడుపు మాడ్చుకోకండి.

దశ 6: కాళ్ల బలం పరీక్ష

గట్టి కుర్చీని గోడకు ఆనించండి. చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. 15 సెకన్లు దాటిందంటే కాళ్లలో బలం తక్కువున్నట్టు. అప్పుడు బరువు తగ్గించడం కంటే ముందు ఒకటి రెండు నెలలు దశ 10లోని బలం వ్యాయామాలు చేయండి. చేతులు ఆనించకుండా అసలు లేవలేకపోతే ఫిజియోథెరపిస్టు సాయం తీసుకోవాలి.

దశ 7: చిన్న గురి పెట్టుకోండి

మూడు నాలుగు నెలల్లో ఇప్పటి బరువులో 5 శాతం చాలు. 75 కిలోల మనిషికి నాలుగు కిలోల కంటే కాస్త తక్కువ. వారానికి పావుకిలో నుంచి అరకిలో దాకా మంచి వేగం. వారానికి కిలోన్నర, రెండు కిలోలు తగ్గుతున్నామని మురిసిపోతున్నారంటే అందులో నీరూ కండా ఉన్నట్టే.

పెళ్లినాటి బరువు గురిగా పెట్టుకునేవాళ్లుంటారు. ఆ ఫొటోను గోడమీదే ఉండనివ్వండి.

దశ 8: ఉప్పుతో మొదలుపెట్టండి

బరువు ఫలితం రావడానికి నెలలు పడుతుంది, ఉప్పు ఫలితం వారాల్లో కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఒంటికి ఉప్పును తట్టుకునే శక్తి తగ్గుతుంది కాబట్టి, పెద్దవాళ్లలో ఉప్పు తగ్గిస్తే బీపీ ఇంకా బాగా దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు, అంటే తలకొట్టిన ఒక చిన్న చెంచాకు మించకుండా, అన్నిట్లోనూ కలిపి.

- ఇంట్లో: వారానికి సరిపడే ఉప్పును తూచి ఒక సీసాలో విడిగా పెట్టండి. ఇద్దరికైతే 70 గ్రాముల లోపు. వారం మధ్యలోనే సీసా ఖాళీ అయితే సమస్య ఎక్కడుందో తెలిసిపోతుంది.
- ప్యాకెట్ల మీద: సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి 2.5తో గుణించండి, అదే ఉప్పు. 400 మి.గ్రా. సోడియం అంటే 1 గ్రాము ఉప్పు. ఉప్పగా అనిపించని బ్రెడ్డు, బిస్కెట్లలోనూ ఇది ఉంటుంది. ఆ మేరకు సీసాలో ఉప్పు తగ్గించాలి.
- ఒక్కసారిగా తగ్గిస్తే తిండి చప్పగా అనిపించి నాలుగో రోజుకే విసుగొస్తుంది. వారానికి కొంచెం చొప్పున తగ్గించండి. కొన్ని వారాల్లో నాలుక అలవాటుపడుతుంది. పులుపు, మిరియాలు, వెల్లుల్లి సాయం తీసుకోండి.

జాగ్రత్త: “తక్కువ సోడియం ఉప్పు” అని అమ్మేవాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీలు బాగున్నవాళ్లకు మంచిదే. కిడ్నీ జబ్బున్నా, పేరు చివర ‘ప్రిల్’ లేదా ‘సార్టాన్’ అని వచ్చే బీపీ మాత్రలు గానీ స్పైరోనోలాక్టోన్ గానీ వాడుతున్నా, పొటాషియం పెరిగి గుండె లయకే ముప్పు రావచ్చు. డాక్టరును అడగకుండా వాడకండి.

ఇంకో జాగ్రత్త: ఉప్పు పూర్తిగా మానేసి, బిందెలు బిందెలుగా నీళ్లు తాగకండి. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడే పెద్దవాళ్లలో ఒంట్లో సోడియం పడిపోయి నీరసం, తికమక వస్తాయి. “వయసు మీదపడి మతిమరుపు” అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు.

దశ 9: తిండి తగ్గించండి, ప్రోటీన్ తగ్గించకండి

తగ్గించాల్సింది రోజుకు 300–500 కేలరీలు. మొదట తీపి పానీయాలు, టీకాఫీల్లో చక్కెర, నూనెలో వేయించినవి, మద్యం. వీటిని మాత్రమే పట్టించుకున్నా చాలామందికి ఆ లెక్క పూర్తవుతుంది. మద్యం విషయం ప్రత్యేకం: అది బరువునీ పెంచుతుంది, నేరుగా బీపీనీ పెంచుతుంది.

ప్రోటీన్ మాత్రం కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల చొప్పున రోజూ ఒంట్లోకి వెళ్లాలి. 70 కిలోల మనిషికి 70–84 గ్రాములు. పప్పుధాన్యాలు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, ఏవి మీకు సరిపడితే అవి. రాత్రికి ఒక్కసారే కాకుండా మూడు పూటలా పంచుకోండి. కిడ్నీ జబ్బుంటే ఈ లెక్క వర్తించదు, డాక్టరు చెప్పినంతే.

పళ్లెంలో సగం కూరగాయలు ఉంటే ఆకలి తీరుతుంది, బరువు పెరగదు. పళ్లూ కూరగాయలూ, కొవ్వు తక్కువున్న పాలూ ఎక్కువగా ఉండే తిండితోనే బీపీ తగ్గుతుందని 1997లోనే ‘డాష్’ అధ్యయనం చూపించింది. అందులో వాళ్ల బరువు మారకుండా చూసుకున్నారు కూడా.

వద్దు: రోజంతా పస్తులు, ఒకే పండు మీద వారం గడపడం, పొడులతో భోజనం మానేయడం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకండి. బీపీ మాత్ర వేసుకుని పస్తుంటే మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి.

దశ 10: నడక ఒక్కటే సరిపోదు

నడవండి, వారానికి మొత్తం 150 నిమిషాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. అరగంట ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు.

కానీ తిండి తగ్గించి నడక మాత్రమే చేస్తే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. 65 దాటిన ఊబకాయుల మీద జరిగిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. తిండి తగ్గిస్తూ నడక లాంటివీ బలం వ్యాయామాలూ రెండూ చేసినవాళ్లే పనులు చేసుకోవడంలో అందరికంటే మెరుగయ్యారు. బలం వ్యాయామాలు చేసినవాళ్లకు కండ నష్టమూ తక్కువే. వారానికి రెండు మూడు రోజులు ఇవి చేయండి:

1. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, 8–10 సార్లు, రెండు విడతలు.
2. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి తోసుకోవడం, 8–10 సార్లు.
3. కుర్చీ వీపు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, 10 సార్లు.
4. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడడం. పడకుండా ఉండడానికి ఇది.

ఊపిరి బిగబట్టకండి, ఆ క్షణంలో బీపీ ఎగబాకుతుంది. లేచేటప్పుడు గాలి వదలండి. ఆ రోజు బీపీ 180/110 దాటి ఉంటే వ్యాయామం మాని డాక్టరుతో మాట్లాడండి.

మోకాళ్లు మొరాయిస్తే కదలని సైకిలు తొక్కడం, నీళ్లలో నడవడం, కుర్చీలో కూర్చునే కాళ్లు ఎత్తి దించడం.

దశ 11: గురక సంగతి

పెద్దగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడుతున్నారా? పగలు కూర్చున్నచోటే కునుకు పడుతోందా? అది స్లీప్ అప్నియా కావచ్చు. లావున్నవాళ్లలో ఎక్కువ, బీపీ ఎంతకీ లొంగకపోవడానికి ఒక ముఖ్య కారణం. మీకు తెలియదు, పక్కన పడుకున్నవాళ్లను అడగండి.

దశ 12: నాలుగు వారాలకోసారి సరిచూడండి

దశ 3 నుంచి 6 దాకా మళ్లీ చేయండి. ఒకే వరుసలో రాయండి. ఉదాహరణకు మొదట్లో: 78 కిలోలు, నడుము 98, బీపీ సగటు 148/78, నిలబడితే 142, కుర్చీ పరీక్ష 14 సెకన్లు. పన్నెండు వారాలకు: 74 కిలోలు, నడుము 93, బీపీ 140/75, నిలబడితే 136, కుర్చీ 12 సెకన్లు. ఇది పక్కా మంచి ఫలితం. నాలుగు కిలోలకు నాలుగు, మిగతాది ఉప్పు, నడకల వాటా అనుకోవచ్చు.

ఇతర రకాలుగా వస్తే ఇలా చదువుకోండి:

- బరువు తగ్గింది, నడుము తగ్గలేదు, కుర్చీ పరీక్షకు ఎక్కువ సెకన్లు పడుతున్నాయి: కండ పోతోంది. తిండి తగ్గించడం ఆపి, ప్రోటీన్, బలం వ్యాయామాలు పెంచండి.
- బరువు కదల్లేదు, నడుము తగ్గింది, బీపీ తగ్గింది: బాగుంది. మెషీన్‌ను తిట్టుకోకండి.
- బరువు తగ్గింది, బీపీ అలాగే ఉంది: పట్టీ సైజు, నొప్పి మాత్రలు, ఉప్పు సీసా, గురక, మాత్రలు మర్చిపోవడం, ఈ వరుసలో వెతకండి. అన్నీ సరిగ్గా ఉంటే అది నాళాల గట్టిదనం, మందే దారి. మీ తప్పేం లేదు.
- మూత్రం పోయే మాత్ర మొదలుపెట్టిన వారానికే రెండు కిలోలు తగ్గాయి: అది నీరు, లెక్కలోకి రాదు.
- చీలమండలు వాచాయి: అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వల్ల కావచ్చు, లావు కాదు. డాక్టరుకు చూపించండి.
- ఒక్క రోజులో కిలో పైన, లేదా వారంలో రెండు కిలోల పైన పెరిగింది, ఆయాసం ఉంది: నీరు పడుతోంది. అదే రోజు డాక్టరును కలవండి.

మాత్ర మానేయడం గురించి

సొంతంగా వద్దు. కొన్ని మాత్రలు, ముఖ్యంగా గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎదురుతన్నుతుంది. అయితే డాక్టరు దగ్గరికి నోటుబుక్కుతో వెళ్లాల్సిన సమయాలున్నాయి: ఇంటి సగటులో పై నంబరు 110 లోపుకు దిగినప్పుడు, నిలబడితే 20 పడుతున్నప్పుడు, లేచినప్పుడల్లా కళ్లు తిరుగుతున్నప్పుడు, లేదా అనుకున్న గురికి చేరి రెండు మూడు నెలలు నిలిచినప్పుడు. తగ్గించాల్సి వస్తే ఆయనే ఒక్కొక్కటిగా తగ్గిస్తారు. మోతాదు మార్చిన ప్రతిసారీ రెండు వారాల తర్వాత ఏడు రోజుల బీపీ మళ్లీ రాయండి. బరువు తిరిగి పెరిగితే బీపీ కూడా వెనకే వస్తుంది కాబట్టి, మాత్ర తగ్గాక కూడా నెలకోసారి దశ 12 మానకండి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున బీపీ మాత్రలు వేసుకోవాలో వద్దో ముందే అడిగి నోటుబుక్కు అట్ట లోపల రాసిపెట్టుకోండి. ఆ రోజు అడిగే ఓపిక ఉండదు.

వెంటనే ఆసుపత్రికి

180/120 వస్తే కంగారుపడకుండా 5 నిమిషాలు కూర్చుని మళ్లీ కొలవండి. మళ్లీ అంతే వచ్చి, ఏ బాధా లేకపోతే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకర, ఒక చెయ్యి గానీ కాలు గానీ పడిపోవడం, మాట తడబడడం, చూపు మసకబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏది ఉన్నా రెండోసారి కొలవడానికి కూడా ఆగకండి. అంబులెన్స్ పిలవండి, మందుల చీటీ చేతిలో పెట్టుకోండి.